తవ్వని మగ్గం గుంత

"వద్దు బిడ్డా! గుంత తవ్వి మగ్గం నిలబెడ్తవు, రేపు రైలు పట్టాలేస్తమని వచ్చి ముందుగాల మన ఇల్లే కూలగొడ్తరు," అంది జమ్ములమ్మ, కొడుకు తుకారాం గడ్డపార ఎత్తకముందే.

గద్వాలకు కొత్త రైలు దారి పడుతుందని సర్వేవాళ్లు వచ్చి ఆమె పెరట్లో రాయి పాతి పోయారు. ఇంట్లో ఉన్నది ఒక్కటే మగ్గం, దాని మీద తండ్రి నాగప్ప చీరలు నేస్తాడు. రెండో మగ్గానికి, కాళ్లు దించుకుని కూర్చుని నేసే గుంత తవ్వుకుంటే కొడుక్కూ ఇంట్లోనే పని దొరికేది. తల్లి ఎంతకీ తవ్వనివ్వలేదు. చూసి చూసి తుకారాం షోలాపూర్ మరమగ్గాల పనికి వెళ్లిపోయాడు.

ఏళ్లు గడిచాయి. ఓట్లు వచ్చినప్పుడల్లా రైలు మాట లేచేది, ఆ తర్వాత చప్పబడేది. సర్వే రాయికి మేకను కట్టేస్తున్నారు.

"ఏంది వదినా, నీ రైలుకు ఇంకా ఎద్దులు దొరుకలేదా?" అని పక్కింటి వెంకటమ్మ ఎకసెక్కాలాడేది. జమ్ములమ్మకు నవ్వు వచ్చేది కాదు.

మొన్న తుకారాం రెండు రోజుల సెలవు మీద వచ్చాడు. అన్నం వడ్డిస్తూ ఆమె గొంతు తగ్గించింది.

"రైలు గీలు ఏం రాదంట బిడ్డా. నేనే ఉత్తగ పరేషాన్ అయిన. గుంత తవ్వుకో. నీ పక్కన కూసొని అంచు పని నేను చేస్త."

తుకారాం ముద్ద కలుపుతూనే ఉన్నాడు, నోట్లో పెట్టుకోలేదు. లోపల నాగప్ప మగ్గం చప్పుడు ఆగిపోయింది.

"ఆడ్నే ఇల్లు చూస్కున్ననే అమ్మా," అన్నాడు తుకారాం. "రైలొచ్చినా రాకున్నా, నేనింక రాను."