కె.వి. ప్రింటర్స్, నాచారం

ఆ బుధవారం మధ్యాహ్నంలోపు కావలసిన పనులివి. నల్లా వచ్చినప్పుడు రెండు డ్రమ్ములూ నింపాలి. అమూల్యకు టిఫిన్ డబ్బా సర్ది, జడ వేసి, స్కూలు ఆటో ఎక్కించాలి. అత్తమ్మ కంట్లో చుక్కల మందు వేయాలి, కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయి పది రోజులు కూడా కాలేదు. చిక్కుడుకాయలకు ఈనెలు తీయాలి. నేను పాఠాలు చెప్పే కాలేజీ వార్షికోత్సవం ఆహ్వానపత్రిక ప్రూఫు దిద్ది మా హెచ్‌ఓడీ ఫణీంద్ర సార్‌కు పంపాలి. అది నా ఉద్యోగంలో పని కాదు గానీ, "మీ ఇంట్లోనే ప్రెస్సుంది కదా మేడమ్" అని ఆయన ఒకసారి నవ్వుతూ అన్నాక నా పనే అయిపోయింది. ఇవన్నీ అయ్యాక, ప్లేట్లు చేసేవాళ్లకు ఫైలు వెళ్లేలోపు, ఎడ్వర్డ్ ఆల్డ్ చనిపోవాలి.

ఎడ్వర్డ్ ఆల్డ్ మా చుట్టం కాదు. నాలుగు వందల ఏళ్ల కిందట లండన్‌లో ప్రెస్సు నడిపినవాడు. వీధుల్లో అమ్మే పాటల కాగితాలు, నాటకాలు, మత ప్రసంగాలు, ఎక్కడో వరదొచ్చిందనో ఎవరినో ఉరితీశారనో చెప్పే చిన్న పుస్తకాలు అచ్చువేసి బతికాడు. గొప్పవాడేమీ కాదు. ఆయన పని నాసిరకమని పండితులు విసుక్కుంటారు. నా పీహెచ్‌డీ ఆయన మీదే. మా నాన్న నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో లోడింగు పని చేసేవాడు, మా ఇంట్లో డిగ్రీ మొహం చూసింది నేనే మొదలు. అలాంటిదాన్ని ఇంగ్లీషులో ఒక థీసిస్ రాస్తే అది ఎవరో బైండు చేసి బీరువాలో పెట్టి తాళం వేశారు. మా వాళ్లెవరూ చదవలేరు. అందుకే తెలుగులో చిన్న పుస్తకంగా మళ్లీ రాశాను. మా ప్రెస్సులోనే వేయాలనుకున్నాను. ఆయన చావుతో ముగిసే ఆఖరి అధ్యాయం ఒక్కటే మిగిలింది.

తొందర ఎందుకంటే, శుక్రవారం మా ప్రెస్సు పేరు మారిపోతుంది. ముప్పై ఏళ్లుగా ఉన్న 'కె.వి. ప్రింటర్స్' రేకు బోర్డు దించి, 'మహిపాల్ డిజిటల్స్' అని లైట్ల బోర్డు పెడుతున్నారు. పాత పేరు మీద వచ్చే ఆఖరి పని నా పుస్తకమే.

మా ఆయన మహిపాల్ చెడ్డవాడు కాదు. భర్త గురించి చెప్పబోయే ప్రతి ఆడదీ ఈ వాక్యంతోనే ఎందుకు మొదలుపెడుతుందో నాకు తెలియదు, నేనూ అలాగే మొదలుపెట్టాను. ఆయన తాగడు, కొట్టడు. మాటలే, నవ్వుతూ అంటాడు. నేను లైబ్రరీ నుంచి ఆలస్యంగా వస్తే, "ఇంగ్లండ్‌ల ప్రెస్సోని ముచ్చట మంచిగ రాస్తున్నవ్, మన ప్రెస్సుల మడతలెవరు పెట్టాలె?" అంటాడు. థీసిస్ అయిపోయిన రోజు స్నేహితులకు ఫోనులో, "మా ఇంట్ల డాక్టరమ్మున్నది, సూది మాత్రం వెయ్యది" అన్నాడు. ఆ నవ్వులకు నేనూ నవ్వేదాన్ని. నవ్వకపోతే 'చదువుకుంది, అందుకే పొగరు' అంటారని భయం. కాలేజీలో కూడా ఇదే నవ్వు నవ్వుతాను. స్టాఫ్ మీటింగులో టీ గ్లాసులు అందించడానికి చూపులన్నీ నా వైపే తిరిగితే, లేచి అందిస్తాను. పీహెచ్‌డీ ఉన్న మగవాళ్లు మరో ఇద్దరున్నారు, వాళ్ల చేతులు ఖాళీగానే ఉంటాయి.

కానీ నా చదువు పూర్తి కావడానికి కారణం మా అత్తమ్మ వెంకటనర్సమ్మ. ఇది చెప్పకపోతే నేను రాసిందంతా అబద్ధం. అమూల్య ఏడాది పిల్లగా ఉన్నప్పుడు నేను తార్నాకలో బస్సు దిగి యూనివర్సిటీ లైబ్రరీలో కూర్చుంటే, పిల్లను చంకనేసుకుని ఆమె ప్రెస్సులో ఫారాలు మడిచేది. ఒక ఫారం అంటే పదహారు పేజీలు ఒకే పెద్ద కాగితం మీద. దాన్ని వరుస తప్పకుండా మడవాలి. ఒకరోజు పిల్లకు జ్వరమని నేను ఇంట్లోనే ఆగిపోతే నా సంచి తెచ్చి గుమ్మంలో పెట్టి, "జరం నీకొచ్చిందా, దానికొచ్చిందా? పో. నేనున్న గదా" అంది. ఆ 'నేనున్న గదా' మీద నేను ఐదు అధ్యాయాలు రాశాను. కృతజ్ఞతల పేజీలో మాత్రం గైడ్ గారి పేరు, లైబ్రేరియన్ పేరు, 'నా కుటుంబ సభ్యులకు' అన్న మాట, అంతే రాశాను.

పనిలో చిక్కు ఒక క్రియాపదం దగ్గర వచ్చింది. ఆల్డ్ పుస్తకాల మీద చాలాచోట్ల పూర్తి పేరుండదు. 'ఇ.ఎ. ముద్రించినది' అని రెండు పొడి అక్షరాలే ఉంటాయి. ఆయన 1620ల చివర్లో పోయాడు. ఆ తర్వాత కూడా ఇ.ఎ. పేరుతో పుస్తకాలు వచ్చాయి. ఇంగ్లీషులో రాసినప్పుడు నాకు ఏ ఇబ్బందీ లేదు, ఇ.ఎ. అచ్చువేసినట్టు రాస్తే వాక్యం అయిపోయింది. తెలుగులో అలా కుదరదు. 'ఇ.ఎ. అచ్చు' దాకా వచ్చి చెయ్యి ఆగింది. వేశాడా, వేసిందా? అలవాటు కొద్దీ 'వేశాడు' అని కొట్టాను. చచ్చిపోయినవాడు ఎట్లా వేస్తాడు? ఆ ఇ.ఎ. ఆయన భార్య ఎలిజబెత్ ఆల్డ్. ఇద్దరివీ అవే అక్షరాలు. అంతకుముందు ఆయన తండ్రి పోయినప్పుడు కూడా, తల్లి మార్గరెట్ షాపు నడిపింది. ఇవన్నీ నాకు తెలియనివి కావు. థీసిస్‌లో అడుగున చిన్న అక్షరాల్లో రాశాను కూడా. తెలుగు క్రియ నిలదీసి అడిగేదాకా ఆమె నాకు అడుగున పడి ఉన్న మనిషే.

ఆ పొద్దున చిక్కుడుకాయల ముందు కూర్చుని అత్తమ్మతో ఇదంతా చెప్పాను. ఆమె నల్లద్దాలు పెట్టుకుని, చూడకుండానే చేతులతో ఈనెలు తీస్తోంది.

"గంతే? మొగడు సచ్చినంక గుడ గవ్వే అచ్చరాలా?"

"గవ్వే అత్తమ్మా. ఇ.ఎ."

"మంచిగైంది దానికి. బోర్డు రాసేటోని పైసలు మిగిలినయి" అని నవ్వింది. ఇంకో కాయ తుంచి, "నాకు గుడ అట్లనే మిగిలినయి" అంది.

నాకు వెంటనే అర్థం కాలేదు. ఈ ఇంటికి వచ్చి పదకొండేళ్లయింది. కె.వి. అంటే కందుల వెంకటయ్య, మా మామ, అని పెళ్లిచూపుల నాడే చెప్పారు. నేను చూడని మనిషి. మహిపాల్ తొమ్మిదో తరగతిలో ఉండగా పోయాడట. అయితే అప్పటి నుంచి ఈ కె.వి. ఎవరు? కందుల వెంకటనర్సమ్మ. రోజూ నా ఎదురుగా కూర్చుని అన్నం తినే మనిషి.

"మరి ఎవ్వరికీ చెప్పలేదా అత్తమ్మా?"

"ఎవలడిగిన్రు బిడ్డా? పెండ్లిపత్రికలకు వచ్చేటోళ్లు షెటర్ కాడ నిలబడి 'ఓనర్ లేడా?' అనేటోళ్లు. 'బయటికి పోయిండు, నాకు జెప్పుండ్రి, ఆయనకు చెప్త' అనేదాన్ని. ఆడిది ఒక్కతే నడిపిస్తుందంటే కాగితం కొట్టోడు సరుకియ్యడు, గిరాకీ రాదు. జర ఎరుకున్నోళ్లు ఊకున్రు. ఎరుక లేనోళ్లకు మీ మామ ఏండ్లకేండ్లు బయటికే పోయిండు."

చెప్పి మళ్లీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. చిక్కుడుకాయల గిన్నె లోపల పెట్టి, కంప్యూటర్ ముందు కూర్చున్నాను. అంతకుముందు రాత్రి మహిపాల్ నా పుస్తకానికి కూర్చిపెట్టిన ముద్రణ వివరాల పేజీ తెరిచాను. 'కీ.శే. కందుల వెంకటయ్య గారు స్థాపించిన కె.వి. ప్రింటర్స్, నాచారం' అని ఉంది. అందులో తప్పేమీ లేదు. మామ పెట్టిందే. ఆ వాక్యాన్ని కాపీ చేసి, కింద అతికించి, పేరు మార్చి, 'స్థాపించిన' తీసి 'నడిపిన' అని పెట్టాను. ప్రింటు తీసి ప్రెస్సులోకి పట్టుకెళ్లాను. ఇల్లు వెనక, ప్రెస్సు ముందు, మధ్యన ఒక తలుపే.

మహిపాల్ మిషను ఆపి కాగితం అందుకున్నాడు. మొహం మారిపోయింది.

"ఏందిది? అమ్మ పేరెందుకు?"

"నడిపింది ఆమెనే గదా."

"నడిపింది నిజమే. నేను కాదన్ననా? బిల్లుల మీద ఎన్నడన్న ఉన్నదా ఆ పేరు? నలుగురు చూస్తే, అయ్య పోయినంక మొగోడు లేక నడిచింది అనుకుంటరు."

"నడిచింది గదా, అట్లనే."

ఇంత మాట నేను ఆయనతో ఎప్పుడూ అనలేదు. ఆయన కాగితం మళ్లీ చూసి, "దీనికి తోడు కీ.శే. పెట్టినవ్. అమ్మకు!" అన్నాడు.

ఆయన చేతిలోని కాగితంలోకి వంగి చూశాను. కాపీ చేసిన వాక్యంలో కీర్తిశేషులు అన్న పొడి అక్షరాలు అలాగే ఉండిపోయాయి. పెళ్లిపత్రికలు వేసే ఇంట్లో ఇంతకన్నా ఘోరమైన తప్పు లేదు. బతికున్న తాతకు కీ.శే. పడిందని మేడిపల్లి నుంచి పెళ్లివాళ్లు మా షెటర్ ముందు కొట్లాటకొచ్చిన రోజు నాకు గుర్తుంది. ఇప్పుడు ఆ అక్షరాలు నేనే, నా చేత్తోనే, నా చదువు నిలబెట్టిన మనిషి పేరు ముందు పెట్టాను.

ఈలోగా అత్తమ్మ తలుపు దగ్గరికి వచ్చింది. "ఏం లొల్లి? తే" అని కాగితం తీసుకుంది. నల్లద్దాలు పైకెత్తి, కొత్త కంటికి దగ్గరగా పెట్టుకుంది. ఆమె బడికి పోలేదు. సీసం అక్షరాలు చేత్తో పేర్చే రోజుల్లో, మామ పక్కన నిలబడి, ఆ తిరగబడ్డ అక్షరాలతోనే చదవడం నేర్చుకుంది. ఇప్పటికీ పెదవులు కదుపుతూ చదువుతుంది. కీ.శే. దగ్గర పెదవులు ఆగాయి.

"ఇన్నేండ్లకు నా పేరు అచ్చేసినవ్. అచ్చేసిన్నాడే సంపితివి గదనే, స్వర్ణా."

ముందు నవ్వింది మహిపాలే. తర్వాత ఆమె. నేను కళ్లు తుడుచుకుంటూ నవ్వాను. మామ చనిపోయాక కూడా ఏళ్ల తరబడి బతికే ఉన్నాడు, బయటికి పోయాడు, వస్తాడు. ఆమెకు మాత్రం పేరు రావాలంటే ముందు చావాలని నా వేళ్లు కూడా నమ్మాయి.

"సరే, తియ్యి అది" అన్నాడు మహిపాల్, గొంతు తగ్గించి. "కానీ ఉత్తగ పెడితె బాగుండది. 'గం.భా.స.' పెట్టు. ముత్తయిదువ కాదు గద, పత్రికల్ల అట్లనే వేస్తం."

భర్త పోయిన ఆడవాళ్ల పేరు ముందు వేసే గంగా భాగీరథీ సమానురాలన్న ఆ మర్యాద నేను వందల పత్రికల్లో దిద్దాను. ఒక్క దీర్ఘం పోయినా పట్టుకునేదాన్ని. పేరు కన్నా ముందు ఆమెకు ఎవరు లేరో చెబుతుందని ఒక్కసారీ అనిపించలేదు. అత్తమ్మ కాగితం కొడుకు చేతిలో పెట్టింది.

"గంగ లేదు, గోదారి లేదు. ముంగట ఏం బెట్టకుండ్రి. నాకు నా పేరు సాలు."

మహిపాల్ కాగితం నాకిచ్చాడు. తర్వాత మిషను దగ్గరికి పోతూ, "ఫైలు జల్ది పంపు, ప్లేట్లకు టైమైతుంది" అన్నాడు. ఆయనకు చేతనైన ఒప్పుకోలు అది. నేను దానికీ కృతజ్ఞురాలినే.

కంప్యూటర్ దగ్గరికి వచ్చి రెండు పనులు చేశాను. ముద్రణ పేజీలో 'కందుల వెంకటనర్సమ్మ నడిపిన' అని, ముందు ఏమీ లేకుండా, మామ పేరున్నంత సైజులోనే పెట్టాను. ఆఖరి అధ్యాయంలో ఎడ్వర్డ్ ఆల్డ్ చనిపోయాడు. థీసిస్ అక్కడ ముగిసింది. పుస్తకాన్ని నేను ముగించలేదు. కింద ఇంకో వాక్యం కొట్టాను: 'ఆ తర్వాత కూడా ఇ.ఎ. అచ్చువేస్తూనే ఉంది.' ఆ 'ఉంది' దగ్గర చుక్క పెట్టి ఫైలు పంపించేశాను.

శుక్రవారం బోర్డు మారింది. పాత రేకు బోర్డు అత్తమ్మ పారేయనివ్వలేదు, ఎండలో వడియాలు పోయడానికి పనికొస్తుందంది.

ఇది చదివే మీరు ఉప్పల్‌లోనో, పీర్జాదిగూడలోనో, మల్కాజిగిరిలోనో ఉంటే ఒక్క పని చేయండి. బీరువాలో చీరల కింద ఎవరిదో పాత పెళ్లిపత్రిక ఉంటుంది. తిప్పి చూడండి. వెనక, అడుగున, మూలకు, చదవడానికి ఎవరూ ప్రయత్నించనంత చిన్నగా 'కె.వి. ప్రింటర్స్, నాచారం' అని ఉండొచ్చు. ఉంటే, కందుల వెంకటనర్సమ్మను తలచుకోండి. ఓనర్ బయటికి పోలేదు. అప్పుడూ లోపలే ఉంది.