రెండో పుట్టుమచ్చ

నాన్న తను బొమ్మలు గీసి కాగితం మీద అచ్చొత్తే అచ్చురాయి ముందు కూర్చుని ఉన్నాడు, ఆ రాయి ఒకసారి కాకినాడ ప్రెస్సులో ఉన్నట్టుంది, మరుక్షణం గోదావరి మీద పడవలో ఉన్నట్టుంది, కింద నీళ్లు మాత్రం సిరాలా నల్లగా కదులుతున్నాయి. పోయి ఏడాదైన మనిషి ఇంత తీరిగ్గా బొమ్మ గీసుకుంటున్నాడేమిటని నాకు ఆశ్చర్యం కలగడం లేదు, అనుమానమే కలుగుతోంది. చుట్టూ తీగల మీద తపాలా కవర్లు ఆరేసి ఉన్నాయి. ప్రపంచ యుద్ధం రోజుల్లో శత్రువును వెక్కిరించడానికి సర్కారువారు వేయించిన బొమ్మల కవర్లు అవి, ఉత్తరం రాసిన ప్రతివాడూ ఆ వెక్కిరింపును ఊరూరా పంపేవాడు. అన్నిటి మీదా ఒకటే బొమ్మ. శత్రువు తిని లేచిన విస్తరి ముందు కూర్చుని ఎంగిలి మెతుకులు ఏరుకుంటున్న దేశద్రోహి, వాడికో తోక. ఆ ద్రోహి ముఖం మా మేనమామ భద్రాచారిది.

"ఎవర్ని చూసి వేసేవు నాన్నా?" అంటాను.

"ఎప్పుడొచ్చేవురా? భోంచేసేవా?" అంటాడు. మాట దాటేయడంలో నాన్నను మించినవాడు లేడు, పోయాక కూడా ఆ విద్య మరిచిపోలేదు.

నేను వదలను. వదిలితే ఎలా? మావయ్య మా వరండాలో పడుకుని ఉన్నాడు, కలలో కాదు, నిజంగానే. ఈ కవర్లు ఊళ్లోకి వచ్చాక పెళ్లి పంక్తుల్లో ఆయన పక్కన ఎవరూ కూర్చోలేదు, ఆయన ఊరే విడిచిపోయాడు, అమ్మ తన తమ్ముణ్ణి మళ్లీ చూడకుండానే కన్నుమూసింది. ఇన్నేళ్లకు నాన్న సంవత్సరీకానికి వచ్చిన మావయ్య ఒకటే మాట అన్నాడు. "మీ నాన్న కావాలని వేసేడో, చెయ్యి జారి వేసేడో తేల్చి చెప్పరా అబ్బాయ్. అది తేలకుండా ఈ ఇంట్లో విస్తరి ముందు కూర్చోను." తెల్లవారితే సంవత్సరీకం.

"మావయ్య నిన్ను నలుగురిలో దొరల కూలీ అన్నాడు. ఆ కోపంతో వేసేవు గదూ?"

"కోపం ఉంటే రెండ్రోజులు మాట్లాడ్డం మానేస్తాను. బొమ్మలెందుకు వేస్తాన్రా?"

"మరి పుట్టుమచ్చ? రాతి మీద గీసింది కాగితం మీద కుడిఎడమలవుతుందని నువ్వేగా నేర్పేవు. మావయ్య ఎడమ చెంప మచ్చ కవరు మీద కూడా ఎడమ చెంపనే పడిందంటే, ముందే చూసుకుని తిరగేసి గీసినట్టే గదా?"

నాన్న ఎదురుగా ఉన్న అద్దం చూపిస్తాడు. అచ్చురాతి మీద గీసేవాళ్లు అలా అద్దం పెట్టుకుని, అందులో తిరగబడినదాన్ని చూసి గీస్తారు, అచ్చులో అది మళ్లీ సరిగ్గా పడుతుంది. "మీ అమ్మ వాడి చేత క్యారియర్ పంపింది. నా వెనకాల నిలబడ్డాడు, తనూ తినలేదేమో, మొహం నిండా ఆకలి. అది అద్దంలో పడింది. నాకూ అలాంటి మొహమే కావాలి. చెయ్యి ఊరుకుంటుందా?"

నాకు నమ్మాలని ఉంది, అందుకే నమ్మకం కుదరడం లేదు. ఈ మాటలు నాన్నవేనా, లేక తెల్లవారేసరికి ఏదో ఒక జవాబు కావాలి కనుక నేనే ఆయన నోట్లో పెడుతున్నానా? పడవ ప్రెస్సు అవుతోంది, ప్రెస్సు మా పెరడు అవుతోంది, తీగల మీది కవర్లు ఒక్కొక్కటే నావైపు తిరుగుతున్నాయి.

"సరే, చెయ్యే గీసింది. అచ్చులో చూసేక తెలిసింది గదా. రాతి మీద గీకెయ్యలేకపోయేవా?"

నాన్న బొటనవేలి సిరాను పంచెకు తుడుచుకుంటాడు, పోదు, మళ్లీ తుడుచుకుంటాడు. ఎప్పుడూ నా కళ్లలోకి చూసి మాట్లాడే మనిషి ఇప్పుడు రాయికేసి చూస్తున్నాడు.

"బొమ్మ బాగా వచ్చిందిరా," అంటాడు. "బాగా వచ్చిందని ఉంచేసేను."

నాకు ఒళ్లు మండిపోతుంది, దాని వెంటే ఏడుపూ వస్తుంది. "మావయ్యకేం చెప్పను?" అని అరుస్తాను. నాన్న అద్దం మీద బొటనవేలు ఆనించి, "మచ్చలెన్నున్నాయో చూసుకోమను," అంటాడు. ఇది కూడా మాట దాటేయడమే అనుకుంటాను.

మెలకువ వచ్చింది. వరండాలో మావయ్య, నాన్న బొమ్మలు గీసేటప్పుడు పెట్టుకునే అద్దాన్ని స్తంభానికి ఆనించుకుని గడ్డం గీసుకుంటున్నాడు. అద్దంలో ఆయన ముఖం చూసి ఆగిపోయాను. చెంప మీది మచ్చ సరే, కంటి కింద ఇంకొకటి కనబడుతోంది. ఆయనకు అక్కడ మచ్చే లేదు. దగ్గరికి వెళ్లి అద్దాన్ని గోరుతో గీకాను. అద్దం మీద ఎప్పటిదో సిరాచుక్క, రాలేదు.

నాన్న పెట్టెలోంచి కవరు తెచ్చాను. ద్రోహి కంటి కింద ఇన్నేళ్లూ నేను మరక అనుకున్నది అచ్చుపడ్డ రెండో మచ్చ. మావయ్య మొహాన సబ్బునురగతోనే అద్దాన్నీ కవరునూ మార్చి మార్చి చూశాడు. అద్దం చూసి వేశాడని తేలింది గానీ, కావాలని వేయలేదని దీంతో తేలుతుందా? ఆ మాట పైకి అనాలా వద్దా అని నేను సతమతమవుతున్నాను.

"లేని మచ్చ కూడా పెట్టేసేడు, గుడ్డి బావ," అన్నాడు మావయ్య. "బొమ్మ మాత్రం బాగా వచ్చిందిరా."

అరచేత్తో నురగ తుడుచుకుని, విస్తళ్లు ఎక్కడ వేస్తున్నారని అడిగాడు.