ఆడోళ్ళ దిగుడు

సంత రోజు పొద్దున్నే బండి కడగడం రత్నాలు పని. బండి ఫల్గుణది, కడగడం రత్నాలుది. కుళాయి దగ్గర నుంచి మూడు బిందెల నీళ్ళు మోసుకొచ్చి, పాత లంగా గుడ్డతో చక్రాల బురద తుడిచి, ఆఖర్న వెనక మడ్‌గార్డు లోపల చెయ్యి పెట్టి రుద్దుతుంది. అక్కడ నలుపు పోయి వేలెడు వెడల్పున ఒక గీత పడింది. గుంతలో పడ్డప్పుడల్లా టైరు పైకి వెళ్ళి అక్కడే ఒరుసుకుంటుంది. ఇంటికి ఎవరొచ్చినా ఫల్గుణ వాళ్ళని వంగోబెట్టి మరీ ఆ గీత చూపిస్తాడు. "సూడండి, మాయావిడ బరువు. గేదెనెక్కించినా ఇంత అరగదు," అంటాడు. వాళ్ళు నవ్వుతారు. రత్నాలు వాళ్ళకి టీ పెట్టి ఇస్తుంది.

నిజానికి ఆమె లావు మనిషి కాదు, పొడుగు మనిషి. మొగుడి కంటే నాలుగు వేళ్ళు ఎత్తు. పెళ్ళిచూపుల రోజునే అత్త యర్రమ్మ "గుంట తాటిసెట్టులా ఉంది, మా వోడి పక్కన నిలబడితే ఏం బాగుంటాది," అని అందరూ వినేలా అంది. పక్కన నిలబడొద్దన్నారు గనక అయిదేళ్ళుగా వెనకాలే కూర్చుంటోంది. పోతున్నప్పుడు ఒళ్ళో మిరియాల మూట, వస్తున్నప్పుడు ఒళ్ళో బియ్యం మూట. ఇంట్లో కాఫీ పళ్ళు కోసేది, మిరియాలు నూర్చి ఎండబెట్టేది, కోళ్ళని తోలేది ఆమే. సంతలో బేరం మాత్రం ఫల్గుణ చేస్తాడు. బేరానికి గొంతు కావాలట, ఆమెకి లేదట. ఉన్న గొంతు ఏ రోజున ఎక్కడ పోగొట్టుకుందో ఆమెకే గుర్తు లేదు.

సంత నుంచి ఊరికి పద్నాలుగు కిలోమీటర్లు ఎక్కుడు. సగం దారిలో రోడ్డు ఒక్కసారిగా వెనక్కి తిరిగి నిట్టనిలువుగా లేస్తుంది. వెనక మనిషి ఉంటే అక్కడ బండి వెనక భాగం కుంగిపోయి ముందు చక్రం తేలిపోతుంది. అందుకని ఏ ఊరి బండైనా అక్కడ ఆగాల్సిందే, ఆడమనిషి దిగాల్సిందే. దిగి, ఒళ్ళో మూట నెత్తికెత్తుకుని అర కిలోమీటరు నడవాలి. మగవాడు ఉత్త బండి ఎక్కించుకుపోయి, పైన బీడీ ముట్టించుకుని, ఇంకా రాలేదేమని చూస్తుంటాడు. కొండల్లోకి బండ్లు వచ్చిన కొద్ది ఏళ్ళలోనే ఇదొక ఆచారమైపోయింది. ఆ మలుపుని అందరూ ఆడోళ్ళ దిగుడు అంటారు. పేరు కూడా పెట్టేశాక ఇక అడిగేదేముంది!

కిందటేడు ఇదే మిరియాల కోతల్లో రత్నాలుకి అయిదో నెల. స్కానింగుకి కిందకి వెళ్ళాలి. జీపులో వెళ్తానంది. ఫల్గుణ ముఖం ముడుచుకున్నాడు. "పన్నెండు మంది మజ్జిన నలిగిపోతావా? మొగుడికి బండి లేదా?" అన్నాడు. యర్రమ్మ అందుకుంది. "మేం కడుపుతో మోపులు మోశాం. దీనికి సీటు మీద కూసోడానికి కూడా కష్టవే." సరే, ఎక్కింది. దారంతా గుంతలే. ప్రతి గుంతకీ కింద నుంచి ఠక్కుమని ఇనుముకి ఇనుము కొట్టుకున్న దెబ్బ నేరుగా నడుములోకి వచ్చేది. "మెల్లగా," అంటే "మెల్లగానే పోతన్నాను. బరువు తగ్గు," అనేవాడు. వచ్చేటప్పుడు ఆడోళ్ళ దిగుడు దగ్గర దిగి, అయిదు నెలల కడుపుతో, నెత్తిన బియ్యంతో నడిచింది. నాలుగో రోజున నెత్తురు కనపడింది, కడుపు పోయింది. ఆడపిల్ల. ఆస్పత్రి నర్సు మంచిదే, చెయ్యి పట్టుకుని చెప్పింది. "దేనివల్లో ఎవరం చెప్పలేం అప్పా. కొన్ని నిలబడవు, అంతే." యర్రమ్మ మాత్రం చెప్పగలిగింది. "ఒడ్డూ పొడుగూ ఉంటే సరా? మోసే ఒళ్ళు కాదు."

ఆ మాట రత్నాలు నమ్మింది. అదీ ఆమెకి ఇప్పటికీ సిగ్గుగా ఉన్న సంగతి. ఏడాది పాటు ఒక పూట తిండి మానేసింది. బండెక్కితే ఊపిరి బిగబట్టుకుని కూర్చునేది, బరువు తగ్గుతుందేమోనని. ఊపిరికి బరువుంటుందా, పిచ్చిది!

ఇప్పుడు మళ్ళీ రెండు నెలలైంది నెల తప్పి. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆ కడుపు ఇంట్లో అందరిదీ అవుతుంది, పోతే మాత్రం ఆమె ఒక్కదానిదే అవుతుంది. బండి తుడిచి, మిరియాల మూట ఒళ్ళో పెట్టుకుని ఎక్కింది. మూటకీ పొట్టకీ మధ్య ఎడంచెయ్యి అడ్డం పెట్టుకుంది. చలికి వేళ్ళు కొయ్యలైపోయినా ఆ చెయ్యి తియ్యలేదు. గుంత వస్తోందంటే ముందే ఒళ్ళంతా బిగుసుకుపోయేది. ఈసారి కూడా పోతే తను బతకదని ఆమెకి తెలుసు. బతికినా మనిషిగా మిగలదు.

సంత దగ్గరికి వచ్చేసరికి చైను వదులైంది. ఫల్గుణ బండిని కొండబాబు షెడ్డులో పెట్టి, "ఇక్కడే ఉండు, సూత్తా ఉండు," అని మూట తీసుకుని బేరానికి పోయాడు. కొండబాబు మైదానం నుంచి వచ్చి ఇరవయ్యేళ్ళుగా అక్కడే ఉన్న మెకానిక్కు. చైను బిగించి, వెనక్కి వంగి మడ్‌గార్డు చూసి నాలిక చప్పరించాడు.

"ఇంకా ఒకటో మెట్టు మీదే తిప్పుతున్నాడేటి!"

"మెట్టేటన్నా?"

కొండబాబు షాకబ్జరు స్ప్రింగు కింద ఉన్న రింగు చూపించాడు. దాని అంచు మెట్లు మెట్లుగా కోసి ఉంది, మొత్తం అయిదు. "ఇదుగో సెల్లెమ్మా, ఒక్కడే ఎక్కితే ఒకటో మెట్టు. ఎనకాల మనిషుంటే నాలుగో, అయిదో. స్ప్రింగు బిగుస్తాది, బండి కుంగదు, టైరు తగలదు. ఎక్కుళ్ళో ముందు సెక్రం తేలిపోడం కూడా సానా తగ్గుద్ది."

"అయితే నా బరువు..."

"నీ బరువేటి? నీకు రెండింతలు మనుసులు ఎక్కి తిరగతన్నారు." అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"మార్చడానికి ఎంతసేపు?"

"రెండు నిమిషాలు. స్పానరు బండిలోనే ఇచ్చాడు కంపెనీవోడు." పక్క డొప్ప తీసి కొక్కెంలా ఉన్న స్పానరు బయటికి లాగాడు. అయిదేళ్ళలో ఎవరూ ముట్టుకోలేదు, ప్లాస్టిక్కు కవరు కూడా చిరగలేదు. "కిందటేడు నువ్వు వట్టి మనిషివి కాదని తెలిసి నేనే సెప్పాను, రెండుసార్లు. అయిదులో పెడతాన్రా, డబ్బులు కూడా వొద్దన్నాను. ఒప్పుకోలేదు. సీటు లేస్తాదంట, కాళ్ళు మునేళ్ళ మీద ఆనతాయంట, సంతలో నలుగురూ నవ్వుతారంట." అంతలో ఆమె ముఖం చూసి మాట ఆపేశాడు.

రత్నాలు స్టాండు వేసిన బండి పక్కనే చతికిలబడింది. గేరు బండ్ల మోత, కోళ్ళ అరుపులు, ఎవరో ఎవరినో పిలుస్తున్నారు. బిడ్డ దానివల్లే పోయిందో లేదో ఆమెకి తెలియదు. నర్సుకీ తెలియదు. ఏం చేసినా పోయేదేమో. కానీ రెండు నిమిషాలు! అతనికి తెలుసు. తెలిసే, తన కాళ్ళు నేలకి పూర్తిగా ఆనాలని ఒకటో మెట్టు మీద ఉంచి, ఏడాది పాటు వచ్చినవాళ్ళందరికీ ఆ గీత చూపించి నవ్వించాడు. తను టీ పెట్టి ఇచ్చింది. ఆ గీతని ప్రతి సంతకీ తనే తుడిచింది. అబ్బ, ఒళ్ళు మండిపోయింది ఆమెకి. కన్నీళ్ళు వస్తాయేమో అనుకుంది, రాలేదు.

"స్పానరు ఇలాగియ్యి అన్నా."

కొక్కేన్ని రింగు గాడిలో పెట్టి లాగింది. కట్టెలు కొట్టిన చెయ్యే, టక్కున తిరిగింది. రెండు, మూడు, నాలుగు, అయిదు. అటుపక్కా అంతే. స్టాండు దింపించి, వెనక సీటు మీద కూర్చుని ఒక ఊపు ఊపింది. బండి కుంగలేదు. అయిదేళ్ళలో మొదటిసారి ఆమె బండి మీద ఊపిరి వదిలి కూర్చుంది.

ఫల్గుణ వచ్చి ఎక్కగానే మడమలు గాల్లోకి లేచాయి. బండి ఒక పక్కకి తూలింది. ఎదురు టీ కొట్లో ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఎవడు ఎక్కించాడ్రా దీన్ని?"

"నేను," అంది రత్నాలు.

"నువ్వా? నీకేటి తెలుసు బండి గురించి? బేగి దించు! నా పరువు తీడానికి ఉన్నావా?"

"కిందటేడు కొండబాబన్న నీకు సెప్పాడా?"

ఫల్గుణ కొండబాబు వైపు చూశాడు, తర్వాత నేల వైపు చూశాడు. "ఏటో సెప్తారు. అన్నీ ఇంటే అయినట్టే. దించమన్నానా!"

రత్నాలు కూర్చుని, కొక్కెం పెట్టి, అటు నాలుగు మెట్లు, ఇటు నాలుగు మెట్లు వెనక్కి తిప్పింది. స్పానరు తుడిచి కవర్లో పెట్టి కొండబాబు చేతికిచ్చింది. ఫల్గుణ కాళ్ళు రెండూ నేల మీద నిండుగా ఆనాయి. గొంతు కూడా మామూలైంది.

"ఎక్కు. పొద్దెక్కిపోతంది. యాపారం అయిపోయింది, బియ్యం తీసుకోవాల."

రోడ్డవతల కొయ్యూరు జీపువాడు మనుషుల కోసం కేకలేస్తున్నాడు. కొయ్యూరులో ఆమె అమ్మ ఉంది. రత్నాలు కొంగు నడుముకి దోపుకుంది.

"ఒక్కడికి పెట్టుకున్నావు. ఒక్కడివే ఎల్లు."

"ఏటంతన్నావే?"

"మేం ఇద్దరం ఉన్నాం," అని పొట్ట మీద చెయ్యి వేసుకుని చెప్పింది. అతనికి అర్థమయ్యేదాకా ఆగి, రోడ్డు దాటింది. జీపులో అప్పటికే పదకొండు మంది ఉన్నారు. వాళ్ళు జరిగి ఆమెకి చోటిచ్చారు.