ఒక్క ఇంజను పడవ

అతని భార్యను చంపింది బావమరిదే. అందులో అతనికి అనుమానం లేదు. ఎక్కువ పడవలు తిరిగితే సముద్రంలోని పగడపు దిబ్బలు పాడవుతాయని దీవి మీది డైవింగ్ రిసార్టుకు ఇంజను పడవ ఒక్కటే ఉంచాడు, దాని యజమాని అయిన ఆ బావమరిది. ఆమెకు గుండెనొప్పి వచ్చిన రోజు ఆ పడవలో ఎవరో అతిథిని ఆసుపత్రికి పంపాడు. అతిథి బతికింది, సొంత అక్క పోయింది. కంప్రెసర్ విడిభాగాల కోసం తెరచాప పడవలో అవతలి ఒడ్డుకు వెళ్లిన అతను తిరిగొచ్చేసరికి అంతా అయిపోయింది. మూడేళ్లుగా అక్కడే డైవర్ల సిలిండర్లకు గాలి నింపుతున్నాడు కానీ బావమరిదితో మాట కలపలేదు.

ఒక ఉదయం ఒకామె కంప్రెసర్ గదికి వచ్చింది.

"ఆ రోజు లోతు నీళ్లలోంచి గబుక్కున పైకొచ్చి, ఒంట్లో గాలి బుడగలు చేరి కాళ్లు పడిపోయింది నాకే," అంది. "మీ ఆవిడ అప్పటికే పడవలో పడుకుని ఉన్నారు. నన్ను చూసి తనే దిగిపోయారు. 'నాది ఉత్త గ్యాసు నొప్పి, ముందు ఈ పిల్లని తీసుకెళ్లండి' అన్నారు."

అతను చేతిలోని గొట్టం పక్కన పడేశాడు. తిన్నగా పడవల రేవుకు నడిచాడు.

"నిజమేనా?"

బావమరిది తాడు చుట్టడం ఆపాడు. "నిజమే బావా. పోయేముందు ఒట్టు వేయించుకుంది. 'తెలిస్తే మీ బావ నన్ను చచ్చినా క్షమించడు. నిన్ను తిట్టుకోనీ, నీకు అలవాటేగా' అంది."

మొగుడు గుర్తుకు రాకుండానే దిగిపోయిందా? ఆమె అన్నట్టే, ఎంత వెతుక్కున్నా ఆమెను క్షమించే మనసు అతనికి దొరకలేదు.

"ఈ మాట నేనింక చచ్చేదాకా ఎత్తను," అన్నాడు చివరికి. "నువ్వూ ఎత్తకు."