అన్న పడుకున్న షాట్

"వీడు చచ్చిపోయాడు కదా దేవేందర్, మరి ఊపిరి పీలుస్తున్నాడేంటి?"

సుధామయి పెన్ను కొనతో మానిటర్ మీద ఒకచోట చూపించింది. గుడిసెలో గడ్డి మీద వెల్లకిలా పడుకున్న యువకుడు. పక్కనే మోకాళ్ల మీద కూర్చున్న తమ్ముడు. తలుపు సందులోంచి లోపలికి రాలుతున్న మంచు. ఆమె చూపించినచోట, చనిపోయిన అన్న చొక్కా మడత ఒకటి కొద్దిగా పైకి లేచి, మళ్లీ దిగింది.

"నేను పెట్టలే మేడమ్."

"నువ్వు పెట్టకపోతే వాడంతట వాడే పీలుస్తాడా? తెరువు, చూద్దాం."

తెరిచాడు. ఛాతీ కదలికను చూపే గీత మీద చుక్కలున్నాయి. చేత్తో పెడితే తప్ప అక్కడ చుక్క పడదు. ఫైలు తనది. ఇంకెవరూ ముట్టుకోలేదు. ఎప్పుడు పెట్టాడో మాత్రం గుర్తులేదు.

"అలవాటులే," అంది సుధామయి. "సాకేత్‌ని వదిలేస్తే కుర్చీలకి కూడా రెప్పలు పెడతాడు. సోమవారం జపాన్ వాళ్లకి పంపాలి. తీసెయ్."

వెనక సీట్లోంచి సాకేత్, "కుర్చీ బాధ మీకేం తెలుసు మేడమ్, మీరు రోజూ కూర్చునేది దాని మీదే," అన్నాడు. అందరూ నవ్వారు. దేవేందర్ ఆ గీతను చూస్తూ ఉండిపోయాడు.

స్టూడియో తార్నాకలో ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో ఉంది. కింద పాఠం చెప్పే మైకు ఆగినప్పుడల్లా మెట్రో వెళ్లే చప్పుడు వినబడుతుంది. జపాన్‌లో ఎప్పుడో చేత్తో గీసి తీసిన సినిమాను అక్కడి కంపెనీ ఇప్పుడు మళ్లీ కంప్యూటర్ బొమ్మలతో తీస్తోంది. కొన్ని షాట్లు ఇక్కడికి వచ్చాయి. మంచు కొండ దాటుతున్న ఇద్దరు అన్నదమ్ముల కథ. దారిలో బొగ్గులు కాల్చేవాళ్ల గుడిసెలో అన్న చనిపోతాడు. నిద్రపోతున్నాడనుకుని తమ్ముడు తెల్లవారేదాకా అతనితో మాట్లాడుతూనే ఉంటాడు. పాత సినిమా చూసినవాళ్లందరికీ గుర్తుండేది ఆ షాటే. అది దేవేందర్‌కి వచ్చింది.

చేత్తో గీసిన బొమ్మ కదలకుండా ఉంటే ఏదో ఆలోచిస్తున్నట్టు ఉంటుంది. కంప్యూటర్ బొమ్మ కదలకుండా ఉంటే మరుక్షణమే ప్లాస్టిక్ అయిపోతుంది. అందుకే ఈ పనిలో చేరినవాళ్లకు మొదట నేర్పేది, ఏ పాత్రనూ పూర్తిగా ఆపవద్దని. నిలబడ్డవాడికి రవ్వంత ఊగు, చూస్తున్నవాడికి ఒక రెప్పపాటు, పడుకున్నవాడికి ఊపిరి. ఏళ్ల తరబడి చేస్తే అది మనసుతో పని లేకుండా వేళ్లే చేసుకుపోతాయి. దేవేందర్ వేళ్లు ఆ పనిలో అందరికంటే నేర్పరివి.

ఆ పాత సినిమాను అతను ఒకప్పుడు రఘువీర్‌తో కలిసి చూశాడు. రఘువీర్ యూనివర్సిటీలో సైకాలజీ రీసెర్చ్ చేసేవాడు. ఇద్దరివీ జనగామ వైపు పక్కపక్క ఊళ్లు. క్యాంపస్‌లో ఎవరో తెర కట్టి వేశారు. అన్న చనిపోయిన షాట్ అయిపోగానే రఘువీర్ అతని మోచేయి పట్టుకున్నాడు.

"కదిలిండు భయ్. ఛాతి లేసింది, నేను చూసిన."

"ఒక్కటే బొమ్మరా అది. ఫొటో లెక్క."

"చూసిన అంటున్న గదా!"

"పాత రీలు. మీద మచ్చలు ఆడుతుంటయ్. అవి చూసినవ్."

రఘువీర్ కాసేపు ఆలోచించి పెద్దగా నవ్వాడు. "అరే, గిదే కదరా నా థీసిస్. కన్ను ఉన్నది చూడదు. కావాలనుకున్నది చూస్తది."

"నీ థీసిస్ ఎప్పుడయితది మరి?"

"నువ్వు పెండ్లి చేసుకున్నంక."

ఫిబ్రవరిలో రఘువీర్ చనిపోయాడు. హాస్టల్ గదిలో, నిద్రలో, గుండె ఆగి. మధ్యాహ్నం దాకా ఎవరికీ తెలియలేదు.

దేవేందర్ ఆ పొద్దున ఆ గదికి వెళ్లాడు. తార్నాకలో అతని ఫ్లాట్‌లో నీళ్లు రాలేదు. ఇలాంటప్పుడు స్నానానికి హాస్టల్‌కి పోవడం మామూలే. తలుపుకు గడియ వేసి లేదు. రఘువీర్ గోడవైపు తిరిగి, మెడదాకా దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. పైన ఫ్యాను తిరుగుతోంది. దేవేందర్ స్నానం చేసి వచ్చి, తడి టవల్ కిటికీ మీద ఆరేసి, షర్టు గుండీలు పెట్టుకుంటూ ఒకసారి మంచం వైపు చూశాడు. దుప్పటి లేచి దిగింది. లేపబోయి ఊరుకున్నాడు. చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసి పనికి వచ్చాడు.

తెల్లవారకముందే పోయి ఉండొచ్చని ఒక డాక్టరు అన్నాడు. సరిగ్గా చెప్పలేమని ఇంకొకరు అన్నారు. దహనం రోజు ఆ మాటలు ఎవరో ఎవరికో చెబుతుంటే దేవేందర్ పక్కనే నిలబడి విన్నాడు. తను ఆ పొద్దున వెళ్లిన సంగతి ఎవరూ అడగలేదు. అతను చెప్పలేదు.

ఆ దుప్పటి లేవడం ఊపిరే అయితే, అప్పుడు భుజం పట్టి కుదిపితే రఘువీర్ బతికేవాడేమో. అది ఫ్యాను గాలే అయితే, తను శవం పక్కన సబ్బు వాసనతో నిలబడి గుండీలు పెట్టుకున్నాడు. లేదా గాలీ కాదు, ఊపిరీ కాదు, ఊపిరి పెట్టే అలవాటున్న తన కన్ను. నాలుగు నెలలుగా ఈ మూడింటి మధ్యా తిరుగుతున్నాడు. మెట్రో కోసం నిలబడ్డప్పుడు ఒకటి నిజమనిపిస్తుంది. టిఫిన్ సెంటర్లో చేయి కడుక్కునేసరికి ఇంకొకటి.

మానిటర్ మీద గీతలోని చుక్కలన్నీ చెరిపేశాడు. గీత తిన్నగా అయింది. షాట్ వేసి చూశాడు. అన్న ఊపిరి పీలుస్తున్నాడు.

మళ్లీ గీత తెరిచాడు. ఒక్క చుక్క లేదు. మళ్లీ వేశాడు. చొక్కా మడత లేచింది, దిగింది. కళ్లు కడుక్కొని వచ్చి చూశాడు. అంతే.

"మేడమ్, ఒకసారి చూడుండ్రి. కదుల్తున్నదా?"

సుధామయి వంగి చూసింది. "లేదు. శుభ్రంగా ఉంది."

"జర మంచిగ చూడుండ్రి."

"దేవేందర్, రాయిలా ఉన్నాడు. సాకేత్, నువ్వు చెప్పు."

"పోయాడు సార్," అన్నాడు సాకేత్. "దండ వేయడమే తరువాయి."

ఎవరూ నవ్వలేదు. సుధామయి దేవేందర్ మొహంలోకి చూసింది. "నిద్రపోతున్నావా అసలు? ఇంటికెళ్లు. ఇది అయిపోయినట్టే, నేను పంపించేస్తాను."

మెట్లు దిగుతుంటే అతనికి ఒక రకమైన నెమ్మది కలిగింది. లేని ఊపిరి తనకు కనబడుతుంది. ఇవాళ ఇద్దరు సాక్షులు కూడా ఉన్నారు. అయితే ఆ పొద్దునా అంతే. రఘువీర్ అప్పటికే పోయాడు, తను చేయగలిగిందేమీ లేదు. రోడ్డు దాటేదాకా ఆ నెమ్మది నిలిచింది. అవతలి ఫుట్‌పాత్ ఎక్కాక, ఇవాళ కన్ను తప్పు చూసినంత మాత్రాన ఆ రోజూ తప్పు చూసినట్టు ఎలా అవుతుందని తోచింది. నాలుగు నెలల దిగులే కన్నును ఇలా చేసిందేమో. ఆ పొద్దున కన్ను మంచిదే కదా.

ఆదివారం రఘువీర్ తల్లిదండ్రులు వచ్చారు. గది ఇంకొకరికి ఇస్తున్నారు, సామాను తీసుకుపోవాలి. దేవేందర్‌ని సాయానికి రమ్మన్నారు. అతను వెళ్లేసరికి లింగమ్మ ఒక్కతే నేల మీద కూర్చుని, కొడుకు బట్టలు మడిచి ట్రంకులో పెడుతోంది.

"నాయిన రాలేదా అమ్మా?"

"గేటు కాడ్నే కూసున్నడు. ఈ రూముల కాలు పెట్ట అన్నడు." ఒక షర్టు కాలరు మడత సరిచేసింది. "గా పుస్తకాలు కట్టు బిడ్డా. ఎవ్వలకన్న ఇస్తే సదువుకుంటరు."

అతను పుస్తకాలు పేర్చి తాడు కడుతుండగా, తల ఎత్తకుండానే ఆమె అంది.

"ఆ పొద్దు నువ్వొచ్చినవంట గదా."

తాడు అతని చేతిలో ఆగింది. "ఎవరు చెప్పిన్రు?"

"పక్క రూము పిలగాడు. నీకు సబ్బు ఇచ్చిండంట."

"వచ్చిన. మా దగ్గర నీళ్లు రాలే."

"మరి మావానికి పాణం ఉండెనా?"

బయట వరండాలో ఎవరో బకెట్ ఈడ్చుకుపోతున్నారు. అతను తాడు ముడి బిగించాడు.

"ఉన్నట్టే కనవడ్డదమ్మా. గాని నా కండ్లను నమ్మలేం. నా పనే గట్లాంటిది. బొమ్మలకు ఊపిరి పెట్టీ పెట్టీ, లేనికాడ గూడ కనవడ్తది నాకు."

"గట్లెట్ల కనవడ్తదిరా? ఉంటె ఉంటది, లేకుంటె లేదు." ఆమె ఇప్పుడు తల ఎత్తింది. "నువ్వు చూసినవా, చూడలేదా?"

లేదు అంటే సరిపోతుంది. ఆ మాట అబద్ధం కాకపోవచ్చు కూడా. కానీ ఆమె అతని నోటివైపు చూస్తోంది. కొడుకు గురించి ఇంకా తెలియనిది ఏదో ఒకటి ఈ లోకంలో మిగిలి ఉన్నదన్నట్టు, అది ఇతని దగ్గరే ఉన్నదన్నట్టు. అలాంటి చూపు ముందు లేదు అనడం అతని వల్ల కాలేదు.

"చూసిన."

"ఎట్ల తీసుకుంటుండె? ఎగపోసుకుంటుండెనా?"

"లేదమ్మా. మెల్లగనే. ముందుగాల కడుపు లేసింది, దాని వెనుక ఛాతి. దించేటప్పుడు జర ఆగి దించిండు. ఎడమ భుజం గూడ ఇంతంత కదిలింది."

చెబుతూ చెబుతూనే అతనికి తట్టింది. ఆ పొద్దున రఘువీర్ గోడవైపు తిరిగి ఉన్నాడు. దుప్పటి మెడదాకా ఉంది. కడుపు కనబడలేదు, భుజం కనబడలేదు. తను చెబుతున్నది గడ్డి మీద పడుకున్న అన్న ఊపిరి. తన వేళ్లు పెట్టిన చుక్కలు, ఒకదాని తర్వాత ఒకటి, అదే వరసలో. రఘువీర్ కోసం లోపల వెతికాడు. మంచం రాలేదు, ఫ్యాను రాలేదు. గుడిసె వచ్చింది, తలుపు సందులోంచి మంచు వచ్చింది. ఇక ఏది నిజమో తేల్చుకోవడానికి ఆ పొద్దు అతని దగ్గర లేదు.

లింగమ్మ కళ్లు మూసుకుంది. చేయి తన కడుపు మీద పెట్టుకుంది. అతను చెప్పిన వరసలోనే మెల్లగా ఊపిరి తీసి, కొంచెం ఆగి, వదిలింది. ఇంకోసారి అలాగే చేసి చూసింది.

"మంచిగనే తీసుకున్నడు," అంది. ఆమె మొహంలో బిగువు కొంత సడలింది. చాలాకాలం తర్వాత కొడుకును చూసి వచ్చినదానిలా కనబడింది. ఆమెను అలా చూస్తే, ఇదే మంచిదేమో అని ఒక్క క్షణం అతనికి కూడా అనిపించింది.

తర్వాత ఆమె కళ్లు తెరిచింది.

"మరి లేపకపోతివి బిడ్డా."

అందులో కోపం లేదు. వాన పడుతుంటే బట్టలు లోపల వేయకపోతివి అన్నట్టుగా ఉంది. అతను ఏదో చెప్పబోయాడు. జరిగింది అది కాదనీ, ఇప్పుడు చెప్పినదంతా సినిమాలోదనీ. ఆ మాటలు తనకే పిచ్చివాడి మాటల్లా వినిపించాయి.

"నిద్ర ఖరాబు చేయొద్దనుకున్న," అన్నాడు.

ఆమె తల ఊపింది. మిగిలిన బట్టలు మడవకుండానే ట్రంకులో వేసి మూత నొక్కింది. గడియ పడలేదు. అతను వంగి నొక్కబోతే చేయి అడ్డం పెట్టి తనే నొక్కింది. పడింది.

"గీ మాట ఆయనతోని అనకు."

"అన."

"నాతోని గూడ ఇంకెప్పుడు అనకు."

ట్రంకు అతనే మోసుకువచ్చాడు. గేటు దగ్గర ఆటో ఉంది. రఘువీర్ తండ్రి లక్ష్మయ్య లేచి వచ్చి, ట్రంకు ఒక కొస పట్టుకుని లోపల సర్దించాడు. దేవేందర్ భుజం మీద చేయి వేశాడు.

"చిక్కిపోయినవేందిరా? తింటలేవా? మనసు మీద పెట్టుకోకు. నిద్రల్నే పోయిండు వాడు. ఎవ్వల్ని తిప్పలు పెట్టలే, వాడు తిప్పలు పడలే. లేపేటందుకు ఎవ్వలుంటరు గాడ? డాక్టరు గూడ గంతే అన్నడు." ఆటో వైపు తిరిగాడు. "గంతే గదానే?"

లింగమ్మ అప్పటికే ఎక్కి కూర్చుంది. ఒళ్లో చేతులు పెట్టుకుని ముందుకు చూస్తోంది. కొంగు కింద ఆమె కడుపు మెల్లగా లేచింది, కొంచెం ఆగింది, దిగింది.

"గంతే," అంది. "ఎక్కు."