నీళ్లు చల్లే అధికారం

మా చర్చిలో సభ్యత్వ తరగతి చెప్పేది నేనే. ముప్పై ఏళ్లు సర్కారు బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాక, ఆదివారం ఆరాధన అయిపోగానే పిల్లల్ని వెనక గదిలో కూర్చోబెట్టి సంస్కారాల గురించి చెబుతున్నాను. మాకు ప్రొజెక్టరు లేదు. నల్లబల్ల, సుద్దముక్క, నా గొంతు, అంతే. జ్ఞానసుందరి టీచర్ క్లాసులో ఈగ కూడా అడిగే వాలుతుందని మగపిల్లలు చాటుగా అనుకుంటారని నాకు తెలుసు. విని లోలోపల మురిసిపోయేదాన్ని కూడా.

ఈ ఏడాది నలుగురే మిగిలారు. తక్కినవాళ్లు కోచింగులకో, డ్రమ్ములూ గిటార్లూ ఉన్న కొత్త చర్చిలకో పోయారు. ఆ నలుగురిలో నోట్సు రాసుకునేది మానస ఒక్కతే. వాళ్లది కొత్తవాడ. తండ్రి ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు మోస్తాడు. మానసకు పదిహేనేళ్లు నిండాక తల్లి పద్మలత మళ్లీ కడుపుతో ఉంది. ఎన్నో ఉపవాస ప్రార్థనల తర్వాత నిలిచిన కడుపది.

బాప్తిస్మం పాఠం రోజు నల్లబల్ల మీద అన్నీ వరసగా రాశాను. మెథడిస్టులకు సంస్కారాలు రెండే, బాప్తిస్మం, ప్రభు భోజనం. పసిపిల్లలకు కూడా బాప్తిస్మం ఇస్తాం. తల మీద నీళ్లు చల్లి ఇస్తాం. ఒక్కసారే ఇస్తాం. మానస చెయ్యెత్తింది.

"పాస్టర్ గారు లేకుంటె ఎవలియ్యాలె టీచర్?"

నిజానికి ఆ ప్రశ్నకు జవాబు నాకు తెలియదు. నా దగ్గరున్న చిన్న పుస్తకంలో ఆ సంగతి లేదు. కానీ పిల్లల ముందు తెలియదని ఒప్పుకోవడం నాకు చేతకాదు.

"ఎవలూ ఇయ్యొద్దు. పాస్టర్ గారు వచ్చేదాక ఆగాలె. నువ్వు నీళ్లు చల్లితె అది స్నానమైతది గని బాప్తిస్మం గాదు" అన్నాను.

అందరూ నవ్వారు. మానస కూడా నవ్వి, ఆ మాట రాసుకుంది.

తర్వాతి వారం ప్రభు భోజనం పాఠం. ఎలా మోకరించాలో, రొట్టె అందుకునేటప్పుడు అరచేతులు ఎలా పట్టాలో, చిన్న గ్లాసులో ద్రాక్షరసం ఎలా తాగాలో ఒక్కొక్కరితో చేయించాను. "మనసుల అబద్ధం పెట్టుకొని ప్రభువు బల్ల దగ్గరికి రావొద్దు. ఒప్పుకొని, సరిజేసుకొని రావాలె" అని గట్టిగా చెప్పాను.

ఏడో నెలలోనే పద్మలతకు నొప్పులొచ్చాయి. దవాఖానలో ఆపరేషన్ చేసి మగపిల్లవాణ్ణి తీశారు. కిలో బరువు కూడా లేడు. అద్దాలపెట్టెలో పెట్టారు. తల్లి కింది వార్డులో, కొడుకు పై అంతస్తులో. మూడో రోజు ఉదయం పది గంటలకు నేను పప్పుకు పోపు పెడుతుంటే మానస ఫోన్ చేసింది.

"టీచర్, తమ్ముడు ఇగ ఉండడంటాండ్లు. డాక్టరమ్మ నన్ను ఐదు నిమిషాలు లోపటికి పొమ్మన్నది. బాప్తిస్మం ఇప్పియ్యమని అమ్మ ఒక్కతీరు ఏడుస్తాంది. పాస్టర్ గారి ఫోన్ కలుస్తలేదు. నేను నీళ్లు చల్లనా?"

పాస్టర్ గారు వార్షిక సమావేశానికి హైదరాబాద్ వెళ్లారు.

"వద్దు. క్లాసుల చెప్పిన గదా. జర ఆగు, నేను పాస్టర్ గారిని పట్టుకుంట" అన్నాను.

"ఆగితె ఉండడు టీచర్. నా దగ్గర సీసల నీళ్లున్నయి."

"మానసా, అది ఆట కాదు. నేను మళ్ల ఫోన్ చేసేదాక ఏం చెయ్యకు."

"సరే టీచర్" అంది. ఆ పిల్ల నాకు ఎన్నడూ ఎదురు చెప్పలేదు. ఆ ఒక్కరోజు చెప్పి ఉంటే ఎంత బాగుండేదో.

పాస్టర్ గారికి పదకొండుసార్లు చేశాను. సమావేశంలో ఫోన్లు ఆపేయించారట. భోజనాల వేళకు ఆయనే చేశారు. సంగతి చెప్పాను.

"అయ్యో! అంత అవసరం వస్తె విశ్వాసి ఎవలైనా ఇయ్యొచ్చమ్మా. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామమున అని నీళ్లు చల్లితె చాలు. జల్ది చల్లమనుండ్రి" అన్నారు.

మానసకు ఫోన్ చేశాను. పిల్లవాడు పదిన్నరకే పోయాడు.

వారం దాటాక కొత్తవాడ వెళ్లాను. పద్మలత మంచం మీద లేచి కూర్చుని నా రెండు చేతులూ పట్టుకుంది.

"మానస చెప్పింది టీచర్. పోయే ముందు నా కొడుక్కు నీళ్లు చల్లిందట. నేననుకున్న పేరే పెట్టిందట, అనిల్ అని. మీరు నేర్పబట్టే గదా. లేకుంటె నేను బతికెటిదాన్ని గాదు."

మానస తలుపు దగ్గర నిలబడి నావైపే చూస్తోంది. "దేవుడున్నడమ్మా" అన్నాను. ఇంతకంటే పనికిమాలిన మాట నేనెప్పుడూ అనలేదు.

సందు చివరిదాకా మానస నా వెంట వచ్చింది.

"వాని తల గింతె ఉండె టీచర్. సీస మూత గూడ తీసిన. మీరు వద్దన్నరని మళ్ల పెట్టిన. అమ్మ అడిగితె చల్లిన అని చెప్పిన."

"నీళ్లు చల్లకున్నా పసిపిల్లలు దేవుని దగ్గరికే పోతరు బిడ్డా."

"అది నాకు తెల్సు. అమ్మకు గావాలె గదా." నడుస్తూనే, "పాస్టర్ గారు ఏమన్నరు?" అని అడిగింది.

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. కానీ సిగ్గేసింది. ఆయన అన్నది అన్నట్టు చెప్పాను.

మానస ఏడవలేదు. "అట్ల ఇయ్యొచ్చని మీకు తెల్వదా టీచర్?"

"తెల్వదు బిడ్డా."

"తెల్వదు అని ఒక్క మాట అంటె నేను చల్లేదాన్ని గదా" అని ఇంటికి వెళ్లిపోయింది.

మర్నాడు మానసకు ఫోన్ చేసి, తప్పు నాదేనని మీ అమ్మకు నేనే చెబుతానన్నాను. "చెప్తె అమ్మ బతుకది. మీకు దండం పెడ్త టీచర్, చెప్పకుండ్రి" అంది. పాస్టర్ గారిని కూడా పద్మలత ముందు ఆ ఊసెత్తవద్దని బతిమాలుకున్నాను. అలా ఆ అబద్ధం మా ముగ్గురిదీ అయింది. మోసేది మాత్రం ఆ పిల్లే.

పిల్లలు మొదటిసారి ప్రభు భోజనం తీసుకునే ఆదివారం వచ్చింది. కుట్లు ఇంకా సలుపుతున్నా పద్మలత ఆటోలో వచ్చి ముందు వరుసలో నా పక్కన కూర్చుంది. పాస్టర్ గారు నలుగురి పేర్లూ పిలిచారు. ముగ్గురు వెళ్లి మోకరించారు. మానస లేచి, రెండడుగులు వేసి, ఆగి, వెనక్కి వచ్చి కూర్చుంది. పాస్టర్ గారు మళ్లీ పిలిచారు. తల అడ్డంగా ఊపింది.

రెండు పాఠాలూ నేను చెప్పినవే. మొదటిది వాడికి నీళ్లు దక్కనివ్వలేదు. రెండోది ఈ పిల్లకు రొట్టె దక్కనివ్వడం లేదు.

పద్మలత బెదిరిపోయి నా చెయ్యి పట్టుకుంది. "ఎందుకు పోతలేదు టీచర్? తమ్మునికి బాప్తిస్మం ఇచ్చిన పిల్ల గదా. ఏమైంది దానికి?"

"నాకు తెల్వదమ్మా" అన్నాను.