మూడు రోజుల పస్తు

మార్చి పదకొండు, మంగళవారం. పొద్దున నేను తిన్నది రెండు బ్రెడ్డు ముక్కలు, ఒక అరటిపండు. బొగ్గు ఏమీ తినలేదు. అది తిండి మానేసి అప్పటికి మూడో రోజు.

బొగ్గు మా పక్కవాటా వాచ్‌మన్ కుక్క. టైర్ల గోదాముకి అతనూ అదీ కలిసే కాపలా కాసేవారు. శనివారం రాత్రి అతను మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంటే, తిరిగొచ్చేదాకా కుక్కను నేను చూసుకుంటానన్నాను. పాలు పెట్టాను, గుడ్డు పెట్టాను. వాసన చూసేది, నోరూరి చొంగ బొట్లు బొట్లుగా నేల మీద పడేది, అయినా ముఖం తిప్పుకునేది. మంచినీళ్లు మాత్రం తాగేది.

"జబ్బేమీ లేదు. కానీ ముసలిది. రేపటికల్లా తినకపోతే బతకడం కష్టం," అన్నాడు పశువుల డాక్టరు.

ఆ సాయంత్రం కూరగాయలు వేసి అన్నం వండుదామని కూర్చున్నాను. నా భార్య పోయిన ఈ నాలుగేళ్లలో కత్తిపీట ముందు కూర్చున్నది తక్కువే. కింది వాటా టైలరమ్మ గుమ్మంలోంచి తొంగిచూసింది.

"అయ్యో బాబాయ్‌గారూ, ఉల్లిపాయ తీసెయ్యండి! కుక్కలకి పడదు."

"ఉల్లిపాయ లేకుండా ఏం బావుంటుందమ్మా?"

"ఇంతకీ వంట దానికా, మీకా?"

"ఇద్దరికీ."

"అయితే ఉప్పు కూడా మానెయ్యండి. తినేది మీరిద్దరే కదా, వంకలు పెట్టే చుట్టాలెవరూ లేరు," అని నవ్వుతూ వెళ్లిపోయింది.

క్యారెట్, బీన్స్, గుమ్మడి ముక్కలు. మూత తీస్తే అన్నమంతా లేత పసుపు రంగు. కళ్లజోడు ఆవిరితో మూసుకుపోయింది. పళ్లెంలో ఆరబెట్టి బొగ్గు ముందు పెట్టాను. అది పళ్లెం వంక చూసింది, నా వంక చూసింది, ముఖం తిప్పుకుంది.

అప్పుడే ఆసుపత్రి నుంచి వాచ్‌మన్ ఫోన్ చేశాడు.

"నిన్న ఆపరేషన్ అయింది సార్. ఇప్పుడే ఫోన్ చేతికిచ్చారు. బొగ్గు తింటోందా?"

"ఏం పెట్టినా ముట్టడం లేదయ్యా."

"అందులోంచి మీరు తిన్నారా?"

"నేనెందుకు తింటాను?"

"అయ్యయ్యో, చెప్పనే లేదు కదూ! దొంగలు మాంసంలో విషం కలిపి పడేస్తారని పిల్లప్పుడే నేర్పాను సార్. పెట్టేవాళ్లు ముందో ముద్ద తిని మింగాలి. అప్పుడే అది ముడుతుంది. పదేళ్లుగా అంతే."

"మూడు రోజులు కడుపు మాడ్చుకుందయ్యా!"

"మాట మీద నిలబడటంలో నాకంటే నయం సార్ అది."

ఫోన్ ఆపకుండానే నేల మీద పెట్టి, పళ్లెం ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ఉప్పు లేని నాలుకకి గుమ్మడి తీపి మెల్లగా తెలిసింది. బొగ్గు నా చేతిని చూడలేదు, పళ్లేన్నీ చూడలేదు. నా గొంతునే చూస్తోంది. నేను ముద్ద మింగానా లేదా అని ఒకరు అంత శ్రద్ధగా చూసి నాలుగేళ్లయింది.

మింగాను.

అది లేచి వచ్చింది. వణుకుతున్న కాళ్లతోనే, ఆత్రం లేకుండా, తల వంచి తినసాగింది. పాలగిన్నె పక్కనే అది పస్తు పడుకున్న రాత్రులు గుర్తొచ్చాయి. ఎవరూ చూడని చోట ఇచ్చిన మాటని నేనలా ఎన్నిసార్లు నిలబెట్టుకున్నాను?

"వినబడుతోంది సార్, నములుతోంది," అన్నాడు వాచ్‌మన్.

పళ్లెం శుభ్రంగా నాకి, బొగ్గు గుమ్మానికి అడ్డంగా వెళ్లి పడుకుంది. దాని తోక నలగకుండా పక్కకి జరిపి, తలుపు మెల్లగా మూసి గడియ పెట్టాను.